గురజాడ అప్పారావు

గురజాడ వెంకట అప్పారావు (సెప్టెంబరు 21, 1862 - నవంబరు 30, 1915) ఆధునిక తెలుగు సాహిత్యానికి బాట వేసిన మహాకవి, నాటకకర్త, కథా రచయిత, సంఘ సంస్కర్త. వ్యావహారిక భాషలో ఆయన రచించిన కన్యాశుల్కం నాటకం తెలుగు హాస్య నాటకాలలో అగ్రస్థానంలో నిలిచింది. ముక్కుపచ్చలారని ఆడపిల్లలను డబ్బు పుచ్చుకొని ముసలివారికి కట్టబెట్టే దురాచారాన్ని ఈ నాటకం ఎండగట్టింది. ఇందులోని మధురవాణి పాత్ర తెలుగు సాహిత్యంలోని అత్యుత్తమ స్త్రీ పాత్రలలో ఒకటిగా పేరు పొందింది. స్త్రీని జాలి చూపవలసిన అబలగా కాక, సొంత బుద్ధి, సొంత మాట కలిగిన వ్యక్తిగా రంగస్థలం మీద నిలబెట్టడం గురజాడ సాధించిన విజయాలలో ముఖ్యమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

గురజాడ విశాఖపట్నం జిల్లా ఎలమంచిలి తాలూకాలోని ఎస్.రాయవరం గ్రామంలో మేనమామ ఇంట్లో జన్మించాడు. ఈ గ్రామం 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. ఆయన తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. గురజాడకు శ్యామలరావు అనే తమ్ముడు ఉండేవాడు.

ప్రాథమిక విద్య చీపురుపల్లిలో సాగింది. ఆ తరువాత చదువు కోసం విజయనగరం చేరాడు. పేదరికంలో ఉన్న ఆ విద్యార్థికి అక్కడి మహారాజా కళాశాల ప్రధానాచార్యుడు చంద్రశేఖర శాస్త్రి తన ఇంట్లోనే వసతి, భోజనం కల్పించి ఆదుకొన్నాడు. గురజాడ 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణుడయ్యాడు. బి.ఏ.లో ఆయన ప్రధాన విషయం తత్వశాస్త్రం. 1885లో అప్పల నరసమ్మతో వివాహం జరిగింది. వీరికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు.

విద్యార్థి దశలోనే గురజాడ ఆంగ్లంలో కవిత్వం వ్రాయడం మొదలుపెట్టాడు. 1883లో ఆయన ఆంగ్లంలో వ్రాసిన సారంగధర కావ్యం పత్రికలో ప్రచురితమైంది. కలకత్తా నుండి వెలువడే రీస్ అండ్ రయ్యత్ పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యాన్ని మెచ్చుకొని తన పత్రికలో పునర్ముద్రించాడు. అయితే పరభాషలో ఎంత వ్రాసినా మాతృభాషలో వ్రాసినంత సాధించలేడని హితవు చెప్పాడు. ఈ సలహా గురజాడ తెలుగు వైపు మళ్ళడానికి ఒక కారణమయ్యింది.

ఉద్యోగ జీవితం

1884లో గురజాడ విజయనగరంలోని మహారాజా ఉన్నత పాఠశాలలో 25 రూపాయల జీతంతో ఉపాధ్యాయుడుగా చేరాడు. 1886లో డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ గుమాస్తాగా పనిచేసాడు. 1887లో మహారాజా కళాశాలలో అధ్యాపకుడుగా నియమితుడయ్యాడు. అక్కడ ఆంగ్ల వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, అనువాదం, గ్రీకు, రోమను చరిత్రలు బోధించాడు. ఈ కాలంలోనే విజయనగరం మహారాజు ఆనంద గజపతితో పరిచయం పెరిగింది. సాహిత్యం, సంగీతం, నాటకం అంటే అభిమానం గల మహారాజు గురజాడ ప్రతిభను గుర్తించి, 1891లో ఆయనను సంస్థాన శాసన పరిశోధకుడుగా నియమించాడు.

1897లో ఆనంద గజపతి మరణించాడు. తరువాత గురజాడ మహారాజు సోదరి అయిన రీవా మహారాణి అప్పల కొండమాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసాడు. సంస్థాన వారసత్వానికి సంబంధించిన వ్యాజ్యం పనులు ఆయన సమయాన్ని చాలా ఏళ్ళపాటు ఆక్రమించాయి. కోర్టు కాగితాలు, వకీళ్ళ వాదనలు, సాక్షుల మాటలు ఆయనకు దగ్గరగా తెలిసినవే. కన్యాశుల్కం చివరి అంకాలలో ప్లీడర్లు, దొంగ సాక్షులు, పోలీసులు సజీవంగా కనిపిస్తారు.

కన్యాశుల్కం నేపథ్యం

వరుడు లేదా అతని తరఫువారు వధువు తండ్రికి సొమ్ము చెల్లించి పెళ్ళి చేసుకోవడాన్ని కన్యాశుల్కం అంటారు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఉత్తరాంధ్ర ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాలలో ఈ ఆచారం బలంగా ఉండేది. డబ్బు ఇవ్వగల స్తోమత ఎక్కువగా వయసు మళ్ళిన వారికే ఉండటం వలన పసిపిల్లలు ముసలివారి భార్యలయ్యేవారు. భర్త త్వరలోనే మరణించగా ఆ పిల్లలు ఊహ తెలిసేనాటికే వితంతువులయ్యేవారు. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ 1856లోనే శాసనం వచ్చినా, సమాజం దానిని అంగీకరించలేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినపుడు తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్నాడు.

ఆనంద గజపతి మహారాజు కన్యాశుల్కాన్ని అరికట్టేందుకు మద్రాసు శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టాడు గాని అది చట్టం కాలేదు. ఈ సందర్భంలో విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్ళిళ్ళ లెక్కలు సేకరింపజేసాడు. మూడేళ్ళలో జరిగిన 1,034 పెళ్ళిళ్ళు ఆ లెక్కలలోకి వచ్చాయి. వాటిలో 99 మంది పిల్లల వయసు అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఏడాది. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగేవి. గురజాడ ఈ అంకెలను తన నాటకం తొలి కూర్పు పీఠికలో పొందుపరచాడు. చట్టం చేయలేని పనిని నాటకం ద్వారా చేయాలన్నది ఆయన ఉద్దేశం. చదువు రాని వారికి సైతం చేరగల సాధనం రంగస్థలమే కనుక, అందరికీ అర్థమయ్యే వాడుక భాషను ఎన్నుకొన్నాడు.

రెండు కూర్పులు

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించబడి ప్రేక్షకుల ఆదరణ పొందింది. 1897లో పుస్తకంగా వెలువడింది. గురజాడ దీనిని ఆనంద గజపతికి అంకితం చేసాడు. తరువాత పన్నెండేళ్ళకు, 1909లో, నాటకాన్ని దాదాపుగా తిరగవ్రాసి రెండవ కూర్పు ప్రచురించాడు. తొలి కూర్పులో అయిదు అంకాలు ఉండగా మలి కూర్పులో ఏడు అంకాలు ఉన్నాయి. నేడు ప్రదర్శనలలోను, పాఠ్యగ్రంథాలలోను ఎక్కువగా కనిపించేది ఈ రెండవ కూర్పే.

రెండు కూర్పులకు మధ్య వచ్చిన మార్పులలో ముఖ్యమైనది మధురవాణి పాత్ర పెరుగుదల. తొలి కూర్పులో ఆమె పాత్ర పరిమితమైనది. మలి కూర్పులో కథను నడిపించే శక్తి ఆమె చేతిలోకి వచ్చింది. ఈ పన్నెండేళ్ళలో వేశ్యా వ్యతిరేకోద్యమం, అంటే భోగం మేళాలను బహిష్కరించాలనే ఉద్యమం, ఆంధ్ర ప్రాంతంలో ఊపందుకొంది. వీరేశలింగం దానికి నాయకత్వం వహించాడు. భోగం స్త్రీలను సమాజానికి పట్టిన చీడగా సంస్కర్తలు పరిగణిస్తున్న రోజులలో గురజాడ ఒక భోగం స్త్రీని నాటకంలో అందరికన్నా తెలివైన మనిషిగా తీర్చిదిద్దాడు. సంస్కరణ ధ్యేయాన్ని ఆయన వదలలేదు గాని, సంస్కర్తల దృష్టిలోని లోపాన్ని కూడా హాస్యానికి గురిచేసాడు.

కథాసంగ్రహం

కృష్ణరాయపురం అగ్రహారీకుడు అగ్నిహోత్రావధానులు తన పెద్ద కూతురు బుచ్చమ్మను డబ్బుకు ఆశపడి ముసలివాడికిచ్చి పెళ్ళి చేయగా ఆమె చిన్నతనంలోనే వితంతువయ్యింది. ఇప్పుడు చిన్న కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని వృద్ధుడు లుబ్ధావధానులుకు 1,800 రూపాయలకు ఇవ్వడానికి ఒప్పుకొంటాడు. ఈ పెళ్ళిని తప్పించడానికి సుబ్బి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, ఆ మాయపిల్లను లుబ్ధావధానులుకు పెళ్ళి చేస్తాడు. విజయనగరం నుండి రామప్ప పంతులుతో వచ్చి ఆ ఊళ్ళో ఉంటున్న మధురవాణి ఈ ఎత్తుకు సాయపడుతుంది. ఇంతలో, ఇంగ్లీషు చదువు చెబుతానని అగ్నిహోత్రావధానులు ఇంట చేరిన గిరీశం బుచ్చమ్మను తీసుకొని పారిపోతాడు. మాయపిల్ల కనబడకుండా పోవడంతో లుబ్ధావధానులు మీద హత్యానేరం పడుతుంది. విశాఖపట్నంలో ప్లీడరు సౌజన్యారావు పంతులు ఇంట ఈ చిక్కులన్నీ విడిపోతాయి.

నాటకంలోని స్త్రీ పాత్రలు

మధురవాణి: ఈమె భోగం కులంలో పుట్టింది. చదువు, సంగీతం, లోకజ్ఞానం గలది. నాటకం మొదట్లో గిరీశం, తరువాత రామప్ప పంతులు ఆమె తమ చెప్పుచేతల్లో ఉందని భ్రమపడతారు. నిజానికి ఆమె వారి బడాయిని, పిరికితనాన్ని, అబద్ధాలను మొదటినుంచీ కనిపెడుతూనే ఉంటుంది. కరటక శాస్త్రి సాయం అడిగినపుడు ఒక పసిపిల్లను కాపాడే పనిగా భావించి ఒప్పుకొంటుంది. మాయపెళ్ళికి తన కంటెను ఎరువిచ్చి, దానిని తిరిగి తెచ్చి ఇవ్వమనే నెపంతో రామప్ప పంతులును ముప్పుతిప్పలు పెడుతుంది. చివరకు మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి, వాదనలో ఆయనను ఓడించి, అసలు నిజం చెప్పి నిర్దోషిని కాపాడుతుంది. గిరీశం అసలు స్వరూపాన్ని కూడా ఆమే బయటపెడుతుంది.

భోగం స్త్రీలను చూడటానికి కూడా ఇష్టపడని నీతిపరుడు సౌజన్యారావు. అట్టి వ్యక్తికి ఎదురు నిలిచి, వేశ్య పుట్టుకతో చెడ్డదా, ఆమెలో మంచి ఉంటే దానిని గుర్తించకూడదా అనే ప్రశ్నను ఆమె ఆయన ముందు ఉంచుతుంది. పందెం ప్రకారం ఆయన ఆమెకు ముద్దు ఇవ్వవలసి ఉండగా, చెడని వారిని చెడగొట్టరాదన్న తల్లి మాట గుర్తు చేసుకొని తానే దానిని వదులుకొంటుంది. నీతి విషయంలో సంస్కర్తకు ఆమె ఏ విధంగాను తీసిపోదని ఈ ఘట్టం తెలుపుతుంది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు.

బుచ్చమ్మ: అమాయకురాలైన బాల వితంతువు. గిరీశం వితంతు వివాహాల గురించి చెప్పే మాటలు ఆమెకు కొత్త ఆశను కలిగిస్తాయి. తాను ఇల్లు విడిచి వెళితే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని గిరీశం నమ్మబలకడం ఆమె నిర్ణయానికి ఒక ముఖ్య కారణం. అందువలన ఆమె వెళ్ళిపోవడంలో చెల్లెలి మీద ప్రేమ కూడా ఉంది. చివరకు సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి చదువుకోవడానికి పంపే ఏర్పాటు చేస్తాడు. పండిత రమాబాయి వంటివారు నడిపిన ఇటువంటి సంస్థలు ఆనాడు వితంతువులకు చదువు, ఉపాధి కల్పించాయి. నాటకాన్ని పెళ్ళితో ముగించకుండా చదువుతో ముగించడం గమనించదగిన విషయం.

వెంకమ్మ: అగ్నిహోత్రావధానులు భార్య. పెద్ద కూతురుకు జరిగిన అన్యాయం చిన్న కూతురుకు జరగకూడదని భర్తను ఎదిరిస్తుంది. మాట చెల్లనపుడు నూతిలో దూకుతుంది. చుట్టూ ఉన్నవారు ఆమెను బ్రతికిస్తారు. ఆ కాలపు ఇల్లాలికి నిరసన తెలిపే దారులు ఎంత తక్కువగా ఉండేవో ఈ పాత్ర చూపుతుంది.

మీనాక్షి: లుబ్ధావధానులు కూతురు, వితంతువు. రామప్ప పంతులు ఆమెను లోబరచుకొని, పెళ్ళి ఆశ చూపి తప్పించుకొంటాడు. పునర్వివాహం లేని చోట వితంతువుకు కలిగే దుస్థితిని గురజాడ ఈ పాత్ర ద్వారా ఏమీ దాచకుండా చూపాడు.

పూటకూళ్ళమ్మ: భోజనం పెట్టి జీవనం గడిపే వితంతువు. తన సొమ్ము కాజేసిన గిరీశాన్ని చీపురుకట్టతో వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి రావడం, మంచం క్రింద దాగిన గిరీశానికి బదులు రామప్ప పంతులుకు దెబ్బలు తగలడం నాటకంలో మిక్కిలి నవ్వు పుట్టించే దృశ్యం. సొంత కష్టం మీద బ్రతికే స్త్రీ ధైర్యం కూడా అందులో కనిపిస్తుంది.

సుబ్బి: కథ అంతా ఈ పిల్ల పెళ్ళి చుట్టూ తిరుగుతుంది గాని ఆమె మాట మాత్రం దాదాపుగా వినిపించదు. అమ్మకానికి పెట్టిన పిల్లను అడిగేవారు ఎవరూ లేరన్న నిజం దీనివలన తెలుస్తుంది.

ఈ నాటకంలోని పురుషులలో పలువురు మాటలతో బ్రతికేవారు. గిరీశం ఉపన్యాసాలు, రామప్ప పంతులు తగవులు, అగ్నిహోత్రావధానులు కోపం, లుబ్ధావధానులు పిసినారితనం ఒక్కొక్కటిగా నవ్వులపాలవుతాయి. స్త్రీల కష్టం మాత్రం నవ్వులపాలు కాదు. హాస్యం ఎవరి మీద గురిపెట్టాలో గురజాడకు స్పష్టంగా తెలుసు. దురాచారం చేసేవారిని చూసి నవ్విన ప్రేక్షకుడు దానికి బలైనవారిని చూసి నవ్వలేడు.

ఇతర రచనలలో స్త్రీ

స్త్రీల స్థితి గురజాడ ఇతర రచనలలోను ప్రధానాంశం. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడిన దిద్దుబాటు కథలో కమలిని చదువుకొన్న ఇల్లాలు. భోగం మేళాలకు అలవాటుపడిన భర్త గోపాలరావును పుట్టింటికి వెళ్ళిపోయినట్లు ఉత్తరం వ్రాసిపెట్టి, తెలివిగా దారికి తెస్తుంది. ఈ కథను చాలాకాలం తొలి ఆధునిక తెలుగు కథగా పేర్కొన్నారు. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ వ్రాసిన ధనత్రయోదశి వెలుగులోకి వచ్చిన తరువాత పలువురు పరిశోధకులు ఆ స్థానాన్ని ఆమెకు ఇస్తున్నారు.

మెటిల్డా కథ వయసు మళ్ళిన భర్త అదుపులో నలిగే యువతిని గురించినది. సంస్కర్త హృదయం కథలో వేశ్యలను ఉద్ధరించబోయిన ఒక ఆచార్యుడు ఆ స్త్రీ ఆకర్షణకే లోనవుతాడు. పూర్ణమ్మ గేయకథలో తండ్రి ముసలివానికి అమ్మిన బాలిక దుర్గ గుడి కొలనులో ప్రాణం విడుస్తుంది. కన్యాశుల్కంలో నవ్వుతో చెప్పిన సంగతినే ఇందులో కన్నీటితో చెప్పాడు. కన్యక గేయంలో రాజు బలాత్కారానికి లొంగని యువతి అగ్నికి ఆహుతవుతుంది. అసంపూర్తిగా మిగిలిన కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు కూడా ఆయన రచనలలో ఉన్నాయి. 1910లో వ్రాసిన దేశభక్తి గేయం ద్వారా ఆయన సామాన్య ప్రజలకు సుపరిచితుడయ్యాడు. ముత్యాల సరాలు అనే కొత్త ఛందస్సును తెలుగు కవిత్వానికి అందించాడు.

వ్యావహారిక భాషోద్యమం

పాఠ్యగ్రంథాలలోను, పరీక్షలలోను వాడుక భాషకు చోటు ఉండాలని గురజాడ వాదించాడు. ఈ ఉద్యమంలో ఆయన సహచరుడు గిడుగు రామమూర్తి. పి.టి.శ్రీనివాస అయ్యంగార్, జె.ఏ.యేట్స్ కూడా ఈ ఉద్యమానికి తోడ్పడ్డారు. 1911లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్య నిర్ణాయక సంఘంలో సభ్యుడయ్యాడు. గ్రాంథిక వాదుల నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ ఆయన 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం భాషా చరిత్రలో ముఖ్యమైన పత్రం.

భాషా వాదానికి, స్త్రీ పాత్రలకు దగ్గర సంబంధం ఉంది. గ్రాంథికంలో వ్రాసి ఉంటే వెంకమ్మ, పూటకూళ్ళమ్మ, మధురవాణి ఒకే విధంగా మాట్లాడి ఉండేవారు. వాడుక భాషలో ప్రతి స్త్రీకి తన కులానికి, వయసుకు, చదువుకు తగిన పలుకుబడి దక్కింది. ఇంటి మాట సాహిత్యంలోకి రావడం వలన ఇంట్లో మగ్గిన స్త్రీ గొంతు కూడా సాహిత్యంలోకి వచ్చింది.

చివరి రోజులు

గురజాడ ఆరోగ్యం చాలాకాలంగా బలహీనంగా ఉండేది. 1913లో ఉద్యోగ విరమణ చేసాడు. అదే సంవత్సరం మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను ఫెలోగా గౌరవించింది. 1915 నవంబరు 30న విజయనగరంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు.

ప్రభావం

ఆడపిల్లల పెళ్ళి వయసును నిర్ణయిస్తూ శారదా చట్టం 1929లో, దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు చట్టం 1947లో వచ్చాయి. గురజాడ ఈ రెండింటినీ చూడలేదు. మధురవాణి పాత్రను మొదట్లో పురుషులే ధరించేవారు. స్త్రీ పాత్రలకు ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావు మధురవాణిగా పేరు పొందాడు. 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన కన్యాశుల్కం చలనచిత్రంలో ఎన్.టి.రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా, షావుకారు జానకి బుచ్చమ్మగా నటించారు.

శ్రీశ్రీ దృష్టిలో తిక్కన, వేమన, గురజాడ తెలుగు కవిత్రయం. కె.వి.రమణారెడ్డి వ్రాసిన మహోదయం గురజాడ జీవితాన్ని, ఆయన కాలాన్ని సమగ్రంగా వివరించే గ్రంథం. వెల్చేరు నారాయణరావు చేసిన కన్యాశుల్కం ఆంగ్లానువాదం 2007లో వెలువడింది. విజయనగరంలో గురజాడ నివసించిన ఇంటిని స్మారక భవనంగా కాపాడుతున్నారు.

కన్యాశుల్కం అనే ఆచారం పోయినా వరకట్నం, బాల్య వివాహాలు సమాజాన్ని విడువలేదు. పెళ్ళిని బేరంగా మార్చినపుడు నష్టపోయేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రశ్న నాటకంలో స్త్రీల నోటనే వినిపించడం వలన కన్యాశుల్కం చరిత్ర పుస్తకంగా మారిపోక, నేటికీ చదువరులను, ప్రేక్షకులను ఆకట్టుకొంటున్నది.

ముఖ్య రచనలు

కన్యాశుల్కం (నాటకం, తొలి కూర్పు 1897, మలి కూర్పు 1909)
కొండుభట్టీయం (అసంపూర్ణ నాటకం)
బిల్హణీయం (అసంపూర్ణ నాటకం)
ముత్యాల సరాలు, పూర్ణమ్మ, కన్యక, లవణరాజు కల (గేయాలు)
దిద్దుబాటు, మీ పేరేమిటి, మెటిల్డా, సంస్కర్త హృదయం (కథలు)